చేతులు మారినా పేరు మారని ట్రాక్టరు

పాత ట్రాక్టరు అమ్మినవాడు డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికొస్తాడు. అతని పేరు మాత్రం బండితోనే పోతుంది. ఉరవకొండ చుట్టుపక్కల పల్లెల్లో ఇలా పేరు ఒకచోట, బండి ఒకచోట తిరుగుతున్న వ్యవహారాల మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

పాత ట్రాక్టరు బేరానికి ఒక పద్ధతుంది. కొనేవాడు ముందు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తాడు. టైర్లు ఎంత అరిగాయో చేత్తో తడిమి చూస్తాడు. ఆయిల్ గేజి బయటికి లాగి, అంటిన నూనెను రెండు వేళ్ల మధ్య రుద్ది రంగు చూస్తాడు. స్టార్టు చేయించి పొగగొట్టం వైపు నిలబడతాడు. పొగ నీలంగా వస్తే ఇంజను ఆయిల్ తాగుతోందని అర్థం, అక్కడికక్కడే రేటు దిగుతుంది. కల్టివేటర్ తగిలించి లిఫ్టు పైకెత్తించి, ఇంజను ఆపించి, టీ తాగి వస్తాడు. ఈలోగా కల్టివేటర్ నేల మీదికి జారిందంటే హైడ్రాలిక్ పని అయిపోయినట్టే. మీటరులో గంటలు చూస్తాడు గానీ నమ్మడు. వెంట తెచ్చుకున్న మెకానిక్ కళ్లలోకి చూస్తాడు. అంతా అయ్యాక, చెయ్యి కలిపేముందు, ఏదో గుర్తొచ్చినట్టు ఒక మాట అడుగుతాడు.

"కాగితాలు ఉండాయా?"

"అన్నీ ఉండాయి లేప్పా."

అక్కడితో కాగితాల విచారణ ముగుస్తుంది. ఇంజనుకు గంటన్నర, కాగితాలకు అర నిమిషం.

ఆ 'అన్నీ' అన్నవి ఏమిటో విప్పి చూస్తే సాధారణంగా కనిపించేవి ఇవి: అంచులు నలిగిన సీ-బుక్ లేదా దాని జిరాక్సు, అందులో ఇద్దరు ముగ్గురు యజమానుల కిందటి పేరు. కిందభాగంలో సంతకం మాత్రమే ఉండి, పైన తేదీ, కొనేవాడి పేరు, ఏమీ రాయని ఫారం 29, ఫారం 30. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందం, ఇద్దరు సాక్షులు. ఎప్పుడో గడువు తీరిన ఇన్సూరెన్సు. ఈ కట్టను ప్లాస్టిక్ కవరులో పెట్టి తాళంచెవితో పాటు చేతికిస్తే బండి అమ్ముడుపోయినట్టే. దాన్ని మళ్లీ అమ్మేటప్పుడు అదే కవరు ఇంకో చేతికి పోతుంది.

మన రైతుకు కాగితం విలువ తెలియక కాదు ఇదంతా. అర ఎకరా కొన్నా పాసు పుస్తకంలోకి, 1-బిలోకి ఎక్కేదాకా నిద్రపోడు. వెబ్‌ల్యాండ్‌లో పేరు తప్పు పడితే తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతాడు. భూమి విషయంలో కాగితం మారకపోతే నష్టపోయేది కొన్నవాడు. అదే లెక్క ట్రాక్టరుకూ వేసుకుని, 'కాగితం మార్పించుకోవడం వాడి తలనొప్పి' అని అమ్మినవాడు నిశ్చింతగా ఉంటాడు. మోటారు వాహనాల చట్టం దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. బండి కాగితం మారకపోతే ముందు మెడ పట్టుకునేది అమ్మినవాడినే.

ఇక్కడ పాత ట్రాక్టర్లకు అంత గిరాకీ ఎందుకో ముందు చెప్పుకోవాలి. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. దేశంలో జైసల్మేర్ తరవాత వాన తక్కువ పడే జిల్లాగా దీన్ని చెప్పుకుంటారు. తుంగభద్ర ఎగువ కాలువ, పెన్నహోబిలం రిజర్వాయరు, హంద్రీ-నీవా నీళ్లొచ్చే జీడిపల్లి అన్నీ ఉరవకొండ నియోజకవర్గం చుట్టుపక్కలే ఉన్నా, ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప, కూడేరు పల్లెల్లో చాలా పొలం ఆకాశం వైపే చూస్తుంది. ఎర్రనేలల్లో వేరుశెనగకు పదును దొరికేది ఒక వాన వెనక రెండు మూడు రోజులు. ఆ రెండు రోజుల్లో ఊరందరికీ ఒకేసారి గొర్రు కావాలి, ఒకేసారి ట్రాక్టరు కావాలి. ఎద్దులు తగ్గిపోయాయి. బాడుగ ట్రాక్టరు కోసం వరసలో నిలబడితే పదును ఆరిపోతుంది. విడపనకల్లు వైపు నల్లరేగడిలో పత్తికీ పప్పుశెనగకూ దున్నకం ఇంకా బరువు, అక్కడ చిన్న ఇంజను పనికిరాదు. అందుకే పది ఎకరాల మెట్ట రైతు కూడా సొంత బండి ఉంటే బాగుండునని అనుకుంటాడు.

కొత్తది కొనాలంటే లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగినా, మెట్ట రైతుకు కంతులు కంతులే. వరసగా రెండు పంటలు ఎండితే కంతు తప్పుతుంది, ఫైనాన్సువాళ్లు బండి సీజ్ చేస్తారు, అది యార్డుకు చేరుతుంది, అక్కడి నుంచి బ్రోకరు చేతికి, బ్రోకరు చేతి నుంచి ఇంకో మెట్ట రైతు వాకిట్లోకి. కరవు ఒకరి ఇంటి నుంచి ట్రాక్టరును పట్టుకుపోయి ఇంకొకరికి చవగ్గా అమ్మిపెడుతుంది. ఇన్ని చేతులు మారే చోట కాగితం చిక్కుపడటంలో వింతేముంది?

అమ్మినవాడి మెడకు ఎందుకు చుట్టుకుంటుంది?

1988 మోటారు వాహనాల చట్టంలో 'ఓనరు' అంటే ఎవరో సెక్షన్ 2(30) చెబుతుంది. వాహనం ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో వాళ్లు. తాళంచెవి ఎవరి దగ్గరుంది, డబ్బు ఎవరికి ముట్టింది, స్టాంపు కాగితం మీద ఏం రాసుకున్నారు అన్నవి ఆ నిర్వచనంలో లేవు. దీని బరువెంతో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ - విజయ్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది. 2009లో ఆ కారు వెనక్కి వస్తూ మనుషుల్ని గుద్దింది, ప్రాణం పోయింది. అప్పటికి ఆ కారు మొదటి యజమాని కంటికి కనబడి రెండేళ్లు. అయినా రిజిస్టరులో పేరు ఆయనదే కాబట్టి పరిహారానికి బాధ్యుడు ఆయనేనంది కోర్టు. దెబ్బతిన్నవాళ్లు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ ఊళ్లు పట్టుకు తిరగాలా అన్నది కోర్టు ఆలోచన. న్యాయమే. కానీ అమ్మేసి హాయిగా ఉన్నవాడికి పిడుగే.

కొనేవాడి పేరుకు పాలసీ మారకపోయినా, అది అమలులో ఉంటే ఎదుటివారికి జరిగే నష్టానికి ఆ రక్షణ బండితోనే పోతుంది. సెక్షన్ 157 చెప్పేదదే. సొంత బండికి జరిగిన నష్టం అడగాలంటే మాత్రం కొన్నవాడు పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పి పాలసీని తన పేరుకు మార్పించుకోవాలి. మన పల్లెల్లో అసలు చిక్కు, పాలసీయే ఉండదు. షోరూము వాళ్లు కట్టించిన మొదటి ఇన్సూరెన్సు అయిపోయాక మళ్లీ కట్టిన ట్రాక్టర్లు ఊరికి ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టండి. పాలసీ లేని బండి గుద్దితే పరిహారం రిజిస్టరులో ఉన్న మనిషి ఆస్తి మీదికే వస్తుంది. ఆయన ఆస్తంటే ఇంకేముంటుంది, ఆ మెట్ట పొలమే.

ప్రమాదం జరిగితేనే ఈ సంగతులు బయటపడతాయనుకోకండి. 2019 తరవాత రాష్ట్రంలో పింఛన్లకూ పథకాలకూ ఆరంచెల పరిశీలన పెట్టినప్పుడు, ఇంట్లో నాలుగు చక్రాల బండి ఉంటే అనర్హులన్నారు. ట్యాక్సీలకు, ఆటోలకు, ట్రాక్టర్లకు మినహాయింపు ఇచ్చారు గానీ కార్లకు ఇవ్వలేదు. ఎప్పుడో అమ్మేసిన పాత కారు తమ పేరు మీదే ఉందని పింఛను ఆగినప్పుడు తెలిసినవాళ్లు రాష్ట్రమంతటా ఉన్నారు. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట దగ్గర కారు పేలినప్పుడు పోలీసులు మొదట వెళ్లి తలుపు తట్టింది ఆ కారును ఎప్పుడో అమ్మేసిన గురుగ్రామ్ యజమాని ఇంటిని. పాత బండి చలానాలు మన సెల్లుకు రావడం వీటి ముందు చిన్న సంగతి.

తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది, కష్టమైనదీ కాదు. ఒకే రాష్ట్రంలో అమ్మితే పద్నాలుగు రోజుల్లో అమ్మినవాడు రవాణా శాఖకు తెలియజేయాలి. దానికే ఫారం 29. కొన్నవాడు ముప్పై రోజుల్లో తన పేరుకు మార్చమని అడగాలి. దానికి ఫారం 30. అంటే ఫారం 29 అమ్మినవాడి రక్షణ కోసం పెట్టిన కాగితం. దాన్నే మనవాళ్లు ఖాళీగా సంతకం పెట్టి ఎదుటివాడి చేతికిస్తారు! గొడుగు తీసుకెళ్లి పక్కింటాయనకిచ్చి వానలో నిలబడినట్టు.

అమ్మినవాడే ముందు చెప్పుకోవాలన్న ఈ పద్ధతి మన దగ్గరే కాదు. కాలిఫోర్నియాలో ఉంటున్న మన పిల్లల్ని అడగండి, కారు అమ్మిన ఐదు రోజుల్లో ఇక దీంతో నాకు బాధ్యత లేదని వాహనాల శాఖకు తెలపాలి. టెక్సాస్‌లో ముప్పై రోజుల్లో చెప్పుకోమంటారు. అక్కడ కారుకు టైటిల్ అని విడిగా ఒక పత్రం ఉంటుంది, చాలా రాష్ట్రాల్లో పొలం ట్రాక్టరుకు అదీ అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. మన దగ్గర విడిగా హక్కు పత్రమంటూ లేదు. ఉన్నదల్లా ఆర్‌సీ, అంటే మన సీ-బుక్. పొలం దాటి రోడ్డెక్కాలంటే ట్రాక్టరుకూ అది ఉండి తీరాలి.

ఇంజనుకో నంబరు, ట్రాలీకో నంబరు

వ్యవసాయ ట్రాక్టరును కేంద్ర మోటారు వాహన నిబంధనలు రవాణా వాహనాల లెక్కలో వేయలేదు. అందువల్ల కారుకు లాగే ఆర్‌సీ పదిహేనేళ్లు చెల్లుతుంది, తరవాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. లారీకి లాగా ఫిట్‌నెస్ కోసం తరచూ పరుగెత్తే పని లేదు. ఈ సౌకర్యం పొలం పనికే. అదే బండి ఇటుకలు, కంకర బాడుగకు తోలితే లెక్క మారుతుంది, పర్మిట్టు, ఫిట్‌నెస్ అడుగుతారు, ప్రమాదమైతే ఇన్సూరెన్సు కంపెనీ వాదన కూడా అక్కడే మొదలవుతుంది. 2024లో ఉచిత ఇసుకకు ట్రాక్టర్లను కూడా రానిచ్చాక పెన్నా వాగుల వెంట తిరిగే బండ్లు ఎన్ని వ్యవసాయ బండ్లో, ఎన్ని బాడుగ బండ్లో చెప్పడం కష్టం.

ట్రాలీ సంగతి ఇంకా అన్యాయం. సెక్షన్ 61 ప్రకారం ట్రాలీకి కూడా విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి, లాగే బండి నంబరు దాని వెనక కనబడాలి. మన రోడ్ల మీద తిరిగే ట్రాలీల వెనక చూడండి. కులదైవం పేరుంటుంది, పిల్లల పేర్లుంటాయి, తామర పువ్వో సింహమో ఉంటుంది, నంబరు తప్ప. స్థానిక వర్క్‌షాపులో ఇనుము తూకమేసి చేయించుకున్న ట్రాలీకి కాగితమేమిటని ఎదురడిగేవాళ్లే ఎక్కువ. పాత ట్రాక్టరు కొనేటప్పుడు ట్రాలీని కొసరులాగా కలిపి మాట్లాడతారు. దానికి ఆర్‌సీ ఉందా అని ఒక్కరూ అడగరు.

ఇది కాగితాల గొడవే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. ఆ ట్రాలీలోనే మనం కూలీలను ఎక్కిస్తాం. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది చనిపోయారు, దాదాపు అందరూ కూలికి పోతున్న ఆడవాళ్లే. 2022 నవంబరులో మన జిల్లాలోనే బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో కరెంటు తీగ తెగి ట్రాక్టరు మీద పడి కూలికి వెళ్లిన మహిళలు చనిపోయారు. ట్రాలీ సరుకు కోసం చేసింది, అందులో కూర్చున్న మనిషికి మామూలు పాలసీ రక్షణ ఇవ్వదు. ఆ రోజు బండి ఎవరి పేరు మీద ఉందన్న ప్రశ్న ఎంత పెద్దదో వేరే చెప్పాలా?

బళ్ళారి బండి

ఉరవకొండకు బళ్ళారి దగ్గర. సంతకూ, ఆస్పత్రికీ, విత్తనాలకూ జనం అటు పోతూనే ఉంటారు, ట్రాక్టర్లు ఇటు వస్తూనే ఉంటాయి. పల్లె వాకిళ్లలో కేఏ 34 నంబరు బండి, ఏపీ 02 నంబరు బండి పక్కపక్కనే కనబడతాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి ఏపీ 02 అంటేనే అది పాత బండి అని ఇప్పుడు గుర్తు.

పక్క రాష్ట్రపు బండి పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని సెక్షన్ 47 చెబుతుంది. దానికి అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, రావాలి. ఆ ఎన్ఓసీ ఇచ్చేముందు బండి దొంగసొత్తు కాదని పోలీసు రికార్డులు చూస్తారు, పన్ను బకాయిలు చూస్తారు. ముప్పై రోజుల్లో ఇవ్వడమో, కాదనడమో చేయకపోతే ఇచ్చినట్టే లెక్క అని సెక్షన్ 48లో ఉంది. కౌంటర్ దగ్గర ఈ మాట వాడుకున్న రైతును నేనింకా చూడలేదు. పక్క రాష్ట్రానికి అమ్మిన యజమానికి పద్నాలుగు రోజులకు బదులు నలభై ఐదు రోజుల గడువుంటుంది.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఫైనాన్సు కంపెనీ 'మా బాకీ తీరింది' అని ఇచ్చేదీ ఎన్ఓసీయే. అది చేతిలో ఉంటే అన్నీ అయిపోయాయని సంబరపడతారు. బాకీ తీరినా, ఫారం 35 ఇచ్చి ఆర్‌సీలోంచి ఫైనాన్సు కంపెనీ పేరు తీయించేదాకా ఆ బండి మీద పెత్తనం కాగితంలో అలాగే ఉంటుంది. ఆ పేరు ఉండగా, కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా బండిని ఇంకొకరి పేరుకు మార్చరు. పదేళ్ల కిందట బాకీ తీర్చి, కంపెనీ ఇచ్చిన కాగితం పెట్టెలో పడేసి, ఇప్పుడు అమ్మబోతే ఆ కంపెనీ పేరే మారిపోయిందని తల పట్టుకున్నవాళ్లు ప్రతి మండలంలో దొరుకుతారు.

యార్డులో కొనే బండ్లది మరో కథ. కంతు తప్పిన బండిని ఫైనాన్సు కంపెనీ స్వాధీనం చేసుకోవచ్చు, కానీ రౌడీలను పెట్టి లాక్కోకూడదని 2007లోనే ఐసీఐసీఐ బ్యాంకు - ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. స్వాధీనమయ్యాక పాత యజమాని ఆర్‌సీ ఇవ్వనని మొండికేస్తే, ఆర్టీఓ అతనికి నోటీసిచ్చి, విని, ఫారం 36 మీద కొత్త ఆర్‌సీని ఫైనాన్సు కంపెనీ పేరునే ఇవ్వొచ్చు. వేలంలో కొనేవాడు అడగాల్సింది ఇదే. ఆర్‌సీ కంపెనీ పేరుకు మారిందా, లేక పాత రైతు సంతకం కోసం మీరే ఊరు వెతుక్కుంటూ పోవాలా? రేటు లక్ష తక్కువగా ఉన్న చోట సాధారణంగా జవాబు రెండోదే.

యజమాని చనిపోయిన ఇళ్లలో బండి కొడుకుల మధ్య పంపకానికొస్తుంది, ఆర్‌సీ మాత్రం నాయన పేరు మీదే ఉంటుంది. చనిపోయిన ముప్పై రోజుల్లో వారసులు తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 ఇవ్వాలి. ఆర్‌సీలో నామినీ పేరు రాయించుకునే వీలు 2021లో వచ్చింది. ఎల్ఐసీ పాలసీకి రాయించినంత శ్రద్ధగా ట్రాక్టరుకు ఎవరూ రాయించరు.

కొనేవాడు చూసుకోవాల్సిందీ ఉంది. చాసిస్ మీద నంబరు పొడిచిన చోట గ్రీజు, ఎర్రమట్టి పేరుకుని ఉంటుంది. డీజిల్ గుడ్డతో తుడిచి, పైన పలచని కాగితం అదిమి పట్టి పెన్సిల్ ముక్కను పడుకోబెట్టి రుద్దితే అంకెలు ఒక్కొక్కటే తేలుతాయి. ఆర్టీఓ ఆఫీసులో అడిగేదీ ఈ ప్రింటే. ఒక అంకె పక్కవాటికన్నా లోతుగా పడినా, చుట్టూ ఇనుము ఆకురాయి పట్టినట్టు నునుపుగా ఉన్నా ఆ బేరం వదిలేయడం మేలు. ఇంజను నంబరు కూడా ఆర్‌సీతో కలవాలి. ఇంజను మార్చిన బండ్లు మన దగ్గర తక్కువేం కాదు. సెల్లులో ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఆర్‌సీ గడువు, ఇన్సూరెన్సు, ఫైనాన్సు ఉందో లేదో తేలిపోతుంది. టీ తాగే సమయం కూడా పట్టదు.

2023 ఏప్రిల్ నుంచి కేంద్రం ఇంకో నిబంధన తెచ్చింది. పాత వాహనాల వ్యాపారం చేసేవాళ్లు ఆర్టీఓ దగ్గర అనుమతి తీసుకోవాలి. బండిని వాళ్లకు అప్పగించినట్టు ఫారం 29సీతో తెలియజేస్తే, అక్కడి నుంచి అమ్ముడుపోయేదాకా బాధ్యత డీలరుదే. కాగితం మీద అమ్మినవాడికి ఇంతకన్నా మంచి కవచం లేదు. నగరాల్లో పాత కార్ల దుకాణాలకు ఇది సరిపోతుంది. మన ట్రాక్టర్లు చేతులు మారేది బోర్డు లేని చోట, వేపచెట్టు కింద, రెండు సెల్లులున్న బ్రోకరు దగ్గర. కమీషను ముట్టాక అతను బండి ముఖం చూడడు. ఈ నిబంధన అక్కడిదాకా వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

వచ్చింది మాత్రం ఓటీపీ. పేరు మార్పిడి దరఖాస్తులు ఆన్‌లైనయ్యాక, ఆధార్‌తో సరిచూసుకోవడం మొదలయ్యాక, అమ్మినవాడి సెల్లుకొచ్చే ఆరంకెలు కావాల్సి వస్తోంది. ఖాళీ ఫారాల కవరు పెట్టుకుని మూడో చేతిలో కొన్నవాడు ఇప్పుడు మొదటి యజమాని ఎక్కడున్నాడని ఆరా తీస్తున్నాడు. ఆ మొదటాయన కరవులో బండితో పాటు ఊరూ వదిలి బెంగుళూరులో ఏదో అపార్టుమెంటు దగ్గర వాచ్‌మన్‌గా ఉంటాడు. ఫోన్ చేసి అడిగితే, "ఉగాదికి ఊరికొస్తాగా, అప్పుడు చూద్దాం లేప్పా" అంటాడు. ఈలోగా ముంగారు వాన పడితే బండి పొలంలోకి దిగుతుంది, ఆయన పేరు మీదే.